మానెడు తవుడు

ఇంద్రజ కొడుకును వాడు పుట్టిన మూడో రోజునే అమ్మేశారు. మానెడు తవుడుకు.

అమ్మింది అత్తగారు సుగుణ. కొన్నది పక్కవాటాలో ఉండే అరుంధతి. హౌరాలో షాలిమార్ గూడ్సు యార్డు వెనక ఒక పెంకుటింటిని మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఇటు వీళ్లు, అటు ఆవిడ. చేటలో పాతచీర పరిచి, పసివాణ్ణి పడుకోబెట్టి, సుగుణ గడప ఇవతల నుంచి అందించింది. అరుంధతి గడప అవతల నిలబడి అందుకుని, కొంగులో తెచ్చిన తవుడు మానెతో కొలిచి పోసింది. ఇంద్రజ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. ఆపడానికి ఒంట్లో ఓపిక లేదు. పెద్దపిల్ల సాహిత్య తరవాత ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పదకొండు రోజులున్నాడు, ఒకడు నాలుగు రోజులు. రెండోవాణ్ణి పూడ్చి వచ్చిన నాడు ఆమె గోడ మీది దేవుడి పటాలన్నీ దించి, పాత పేపర్లలో చుట్టి అటక మీద పడేసింది. అత్తగారు మర్నాటి నుంచి పటాల్లేని గోడకే దండం పెట్టుకునేది.

అమ్మేసిన బిడ్డ ఆ ఇంటి బిడ్డ కాదు. ఆ ఇంటి బిడ్డ కానివాణ్ణి వెతుక్కుంటూ మృత్యువు ఆ గడప తొక్కదు. శ్రీకాకుళం పల్లెల నుంచి సుగుణ మూట కట్టుకొచ్చిన లెక్క ఇది. అందుకని వాడు అరుంధతిని బెంగాలీ పిల్లలు అమ్మను పిలిచినట్టు ‘మా’ అన్నాడు, కన్నతల్లిని ‘పిన్నీ’ అన్నాడు. కాగితాల మీద సాయి తేజ. వీధిలో అందరికీ తవుడు. ఇంద్రజ మాత్రం ఒక్కరోజూ వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు. ఆమెది నల్లగొండ, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. పగలంతా ఆఫీసులో ఉండి ఇంటికొస్తే కొడుకు పక్కవాటాలో వేరే ఆవిడ ఒళ్లో కూర్చుని చేప ముల్లు తీయించుకుంటూ ఉండేవాడు. ‘పిన్ని వచ్చింది’ అనేవాడు చూసి.

వాడికి రెండేళ్లప్పుడు జ్వరం ముదిరి ఆస్పత్రిలో చేర్చారు. తల్లి పేరు అని అడిగితే ఇంద్రజ నోరు తెరిచేలోగా అరుంధతి ముందుకొచ్చి తన పేరు రాయించింది. డాక్టరు కసిరినా వినలేదు. “పదిమందిలో నా బిడ్డ కాదని నానంటే ఆ ముండ ఇనేస్తది,” అంది. ఆ ముండ అంటే మృత్యువు. జ్వరం తగ్గింది. ఇంద్రజ మాత్రం ఆ కాగితం మీది పేరును మరిచిపోలేదు.

సుగుణ నిరుడు వానల్లో పోయింది. పోయే ముందు కోడలి చెయ్యి పట్టుకుని చెప్పింది. అప్పటికే ఇంద్రజ మొగుడు ప్రదీప్‌కుమార్ పోలండ్‌లో ఓడలు కట్టే చోట వెల్డింగు పనికి కాగితాలు పెట్టాడు.

“ఇందూ, ఆడు నీరు దాటీముందు అరుందతికి మానెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కో. పరాయోల బిడ్డని నీరు దాటించకూడదు.”

“సరే అత్తమ్మా,” అంది ఇంద్రజ. కొనాలని ఆమెకు లేదు. నమ్మకం లేకపోవడం ఒకటి. అంతకంటే పెద్దది, తన కడుపున పుట్టినవాణ్ణి ఇంకొకరి ముందు కొంగు పట్టి అడగాలంటే లోపలెక్కడో మండేది. కొనడమంటే ఇన్నాళ్లూ వాడు తనవాడు కాదని ఒప్పుకోవడమే.

ప్రదీప్‌కుమార్ వెళ్లిన ఎనిమిది నెలలకు వీళ్ల ముగ్గురికీ వీసాలొచ్చాయి. సోమవారం సాయంత్రం అరుంధతి గుమ్మంలో కూర్చుని పెసలు ఏరుతూ అడిగింది.

“ఎప్పుడే పయానం?”

“బేస్తారం, అక్కా.”

“లచ్చివారమా. మంచిదే. బుదారం ఆడికి తలంటు పోస్తాను. హౌరా మిల్లు కాడ తవుడు సెప్పి ఉంచినాను, నువ్వే ఎల్లి తెచ్చుకోవాల. నాను తేకూడదు. నాది నాకే ఇస్తే అది కొన్నట్టవదు గావాల.”

“సరే అక్కా.”

విమానం గురువారం కాదు, మర్నాడు మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు.

అరుంధతికి యార్డులో మూటలెత్తే తెలుగు కూలీల మెస్సులో వంట. తెల్లారి అయిదింటికి వెళితే పన్నెండుకు గాని రాదు. తొమ్మిదిన్నరకు గుమ్మంలో కారు ఆగింది. డ్రైవరు రాంబిలాస్ అని బీహారు మనిషి, సామాన్లు చూసి తల గోక్కున్నాడు. తూకం ఎక్కువవుతుందని ఇంద్రజ చలికోట్లు పెట్టెల్లో పెట్టలేదు. భాద్రపదం ఉక్కలో ఇద్దరు పిల్లలకూ మోకాళ్ల దాకా దిగే ఉన్నికోట్లు తొడిగేసింది. దారిలో వాంతులు చేసుకోకుండా ఇద్దరికీ మందు పట్టింది, అది తాగితే నిద్రొస్తుంది. అక్కడ క్షవరం ఖరీదని మొగుడు ఫోన్లో చెబితే ఆదివారం నాడే పిల్లాడికి గుండు కొట్టించింది. ఇల్లాలి బుద్ధికి తోచిన జాగ్రత్తలే అన్నీ.

“మా ఎక్కడ పిన్నీ?” అన్నాడు వాడు కారెక్కుతూ, ఆవలిస్తూ.

“వస్తది. ఎక్కు.”

“మాకి చెప్పలేదు.”

“చెప్పిన. ఎక్కమంటున్న కదా.”

రెండో హుగ్లీ వంతెన దిగేసరికి ఇద్దరూ నిద్రలో ఉన్నారు. రాత్రి వానకు బైపాస్ మీద మోకాలు లోతు నీళ్లు. వెనక్కి చూస్తే బస్సులు, ముందు చూస్తే బస్సులు. రాంబిలాస్ అటూ ఇటూ చూసి, “మేడమ్, కాలవ పక్కనుంచి తీసుకుపోతా, పావుగంటలో తేలతాం,” అన్నాడు. సాల్ట్ లేక్ వెనక కాలవగట్టు మీద ఇరుకు వీధి. పావుగంట గడిచాక కారు నీళ్లలో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పక్కనే వీధి కుర్రాళ్ల క్లబ్బు. దుర్గాపూజ పందిరికి తెచ్చిన వెదుళ్లు గుట్టగా పడి ఉన్నాయి. పదిమంది కుర్రాళ్లు వాటిని కోస్తూ, కడుతూ ఉన్నారు. రాంబిలాస్ బానెట్ ఎత్తాడు. ఇంద్రజ ఇంకో కారు కోసం ఫోన్లో వెతికింది. ఇరవై నిమిషాలైనా ఒక్కడూ రాలేదు. లోపల ఉడికిపోతున్న పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుని చాయ్ కొట్టు చూరు కిందికి చేరింది.

కొట్టు నడిపే ఆవిడ ముచ్చటపడి మంచినీళ్లు ఇచ్చింది. “ఈ ఎండలో కోటు తొడిగావేం తల్లీ,” అంది బెంగాలీలో. ఇంద్రజకు ఆ భాష అర్థమవుతుంది, మాట్లాడాలంటే నోరు తిరగదు. నవ్వి ఊరుకుంది. ఆవిడ పిల్లాడి గడ్డం పట్టుకుంది.

“నీ పేరేంటి బాబూ?”

“తవుడు.”

“అమ్మ ఏదీ?”

“మా షాలిమార్‌లో ఉంది.”

“మరి ఈవిడెవరు?”

“మాషీ,” అన్నాడు వాడు. పిన్నిని బెంగాలీలో అలాగే అంటారు. వాడికి ఆ భాష కూడా మంచినీళ్ల ప్రాయం. ఎక్కిళ్ల మధ్య మిగతాది కూడా చెప్పేశాడు. “మాకి చెప్పకుండా తెచ్చేసింది. మా కాఛే జాబో. మా దగ్గరికి పోతాను.”

వాడు చెప్పిన దాంట్లో ఒక్క ముక్కా అబద్ధం లేదు.

కొట్టు ఆవిడ చెయ్యి వాడి గడ్డం మీదే ఆగిపోయింది. పది రోజులుగా ఆ పేటలో ప్రతి ఫోన్లోనూ ఒకటే వీడియో తిరుగుతోంది. ఛేలేధొరాలు వచ్చారు, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, గుర్తు తెలియకుండా గుండ్లు కొడతారు, మందు పట్టి నిద్రపుచ్చుతారు, విదేశాలకు అమ్మేస్తారు. ఆవిడ గుండు చూసింది, కోటు చూసింది, కారు వెనక సీట్లో స్పృహ లేనట్టు పడి ఉన్న ఇంకో పిల్లను చూసింది. కోసే వెదురు పక్కన పెట్టి కుర్రాళ్లు అప్పటికే ఇటు చూస్తున్నారు.

“ఏయ్ పల్టూ,” అంది ఆవిడ మెల్లిగా. “ఇలా రండర్రా.”

మొదటి దెబ్బ రాంబిలాస్‌కు పడింది. ఏం జరుగుతోందో అతనికి తెలిసే వ్యవధి కూడా లేదు. బానెట్ కింద తల పెట్టి ఉన్నవాణ్ణి కాలరు పట్టి లాగారు. “క్యా హువా భాయ్” అన్నాడు. పరాయివాడని తేల్చుకోవడానికి వాళ్లకు ఆ హిందీయే సరిపోయింది. వెదురు బద్ద మోకాలి వెనక తగిలి అతను నీళ్లలో కూలబడ్డాడు. రెండోది ముఖాన తగిలింది. చుట్టూ ఇరవైమంది, ఆపై యాభై, ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చారో. అతని తల నీళ్లలోకి పోయి బయటికి వచ్చింది, మళ్లీ పోయింది. కాలవ నీళ్లు ఎర్రబడటం ఇంద్రజ చూసింది. అరవబోతే చదువుకున్న ఇంగ్లీషు, ఆరేళ్లుగా నేర్చుకున్న హిందీ, బెంగాలీ ముక్కలు అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

“నా కొడుకు. నా కొడుకయ్యా,” అంది తెలుగులో.

పిల్లాణ్ణి ఆమె చంకలోంచి పీకేశారు. వాడు పట్టుకున్న ఆమె చొక్కా చిరిగి, గుడ్డపీలిక వాడి పిడికిట్లో ఉండిపోయింది. పచ్చ టీషర్టు వేసుకున్న పల్టూ ఆమె చేతిసంచీ నేల మీద బోర్లించి పాస్‌పోర్టులు తీశాడు.

“ఇందులో సాయి తేజ అని ఉంది. వాడు తవుడు అంటున్నాడు. ఇందులో ఉంగరాల జుట్టు. వాడికి గుండు. ఇదెవడి పాస్‌పోర్టు?”

అరుపులకు సాహిత్య లేచి కారులోంచి దిగింది. ఎనిమిదేళ్ల పిల్ల, మందు మత్తులో తూలుతూ, “అమ్మా,” అని వచ్చి ఇంద్రజను చుట్టుకుంది. ఒక్క క్షణం జనం మెత్తబడ్డారు. అంతలో ఎవడో తెలివైనవాడు అందుకున్నాడు.

“ఆడపిల్ల దీనిదే కావచ్చు. అనుమానం రాకుండా సొంత పిల్లను వెంట తిప్పుతారు. మగపిల్లాడెవరిది? అది చెప్పమను.”

ఆడవాళ్లు సాహిత్యను కూడా లాగేసుకున్నారు. ఇంద్రజను జుట్టు పట్టి క్లబ్బు గదిలోకి ఈడ్చారు. గదిలో క్యారమ్ బల్ల, గోడనిండా ఫుట్‌బాల్ కప్పులు, మూలన కిందటేటి అమ్మవారి ఫొటో. తాళాలు ఉంచుకునే ముసలాయన ఒకడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. “పోలీసుల్ని పిలవండర్రా,” అన్నాడు.

“పిలుస్తాంలే తిన్‌కొడి దాదూ. ముందు నిజం కక్కనీ.”

నిజం పిల్లాడి దగ్గరే దొరికింది వాళ్లకు. యార్డులో వ్యాగన్ల మధ్య తప్పిపోతాడని భయపడి అరుంధతి వాడికి తన ఫోన్ నంబరు పాటలా నేర్పింది. కొట్టు ఆవిడ చంకలో కూర్చుని, చీమిడి ఎగబీలుస్తూ, వాడు పది అంకెలూ పాడేశాడు. పల్టూ క్యారమ్ బల్ల మీద ఫోన్ పెట్టి అందరికీ వినిపించేలా చేశాడు.

అవతల పోపు చిటపటలు. “ఎవరు బాబూ?” అని అరుంధతి గొంతు, బెంగాలీలో.

“ఒక పిల్లాడు దొరికాడు. తవుడు అంటున్నాడు. నువ్వే అమ్మవని ఈ నంబరిచ్చాడు. ఎవతో ఎత్తుకుపోతుంటే పట్టుకున్నాం. నీ కొడుకేనా కాదా, ఒక్క మాట చెప్పు.”

నేల మీద మోకాళ్ల మీద ఉన్న ఇంద్రజకు ఒక్క ముక్క కావాలి. కాదు. ఆ ముక్క అరుంధతి అనదని కూడా ఆమెకు తెలుసు. పదిమందిలో కాదంటే ఆ ముండ ఇనేస్తది. ఫోన్లో పోపు మాడుతున్న చప్పుడు ఆగింది. పొయ్యి కట్టేసినట్టుంది.

“నా కొడుకే,” అంది అరుంధతి.

తరవాత ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది. ఎవరూ వినలేదు.

మొదట చెప్పులు. ఆడవాళ్లవి. తరవాత పిడికిళ్లు. తరవాత పందిరి వెదుళ్లు. కుడిచేయి అడ్డం పెట్టింది, మోచేతి కింద చిటుక్కుమని పచ్చికొమ్మ విరిగినట్టు విరిగింది. ఆ చప్పుడు ఆమెకే వినిపించింది, ఎవరిదో అనుకుంది. నోట్లో ఉప్పగా నిండి, నాలుకకు ఒక పన్ను విడిగా తగిలింది. ఎవరో డొక్కలో తన్నారు. ఊపిరి పోయింది, తిరిగి రావడానికి దారి దొరకలేదు. జుట్టు ఎవరి చేతిలోనో ఉంది. తల ఎత్తుతున్నారు, నేలకు కొడుతున్నారు, ఎత్తుతున్నారు. ఎత్తినప్పుడల్లా కిటికీ ఊచల అవతల కొట్టు ఆవిడ చంకలో చిన్న గుండు కనిపిస్తోంది. దించినప్పుడల్లా సిమెంటు.

వాడిక్కడ ఉండకూడదు, ఇది చూడకూడదు అనుకుంది. పిలవాలి. తేజా అంటే వాడు తిరగడు. ఆ పేరు వాడికి బడిలో హాజరు పిలిచేటప్పటిది.

“తవుడూ,” అని పిలిచింది.

నాలుగున్నరేళ్లలో మొదటిసారి. రక్తం నిండిన నోటితో. “తవుడూ, కళ్లు మూసుకోరా.”

ఆ గోలలో కాళ్ల కింద పడబోయిన ఫోన్‌ను తిన్‌కొడి తీసి చెవికి పెట్టుకున్నాడు. అది ఇంకా మాట్లాడుతోంది. గొంతు చిరిగేలా ఒకటే మాట. “కొన్నాను బాబూ. ఆమె దగ్గరే కొన్నాను. మూడోనాడు, తవుడు పోసి కొన్నాను. ఆమే కన్నది. ఆమే కన్నది బాబూ.”

ముసలాయన స్టూలు మీద నుంచి లేచాడు. ఎనభై దగ్గరి మనిషి, నడుం వంగినవాడు. ఎవరిని తోసుకుంటూ పోయాడో, ఎలా పోయాడో, వెళ్లి ఆమె మీద బోర్లా పడ్డాడు. దిగుతున్న వెదురు ఆయన భుజం మీద దిగింది.

“జరుగు దాదూ.”

“నా పేరేంట్రా పల్టూ?”

“జరుగంటే—”

“నా పేరేంటో చెప్పు.”

“తిన్‌కొడి.”

“అంటే ఏంటి? మీ తాతనడిగితే చెప్పేవాడు. మూడు గవ్వలు. నా ముందు నలుగురు పుట్టి పోయారు. నన్ను మా అమ్మ మూడు గవ్వలకు మంత్రసానికి అమ్మేసింది. పదేళ్లు వచ్చిందాకా మంత్రసానిని అమ్మా అన్నాను, మా అమ్మను పిన్నిని పిలిచినట్టు కాకీమా అన్నాను. ఈ వీధిలో ఒక్క గవ్వ ఎక్‌కొడి లేడా, అయిదు గవ్వల పాఁచ్‌కొడి లేడా? వాళ్లంతా ఎవరనుకున్నార్రా, బజార్లో దొరికారనుకున్నారా? వీళ్ల దేశంలో గవ్వల బదులు తవుడు పోశారు. ఈమె కన్నతల్లి. ఇంకా కొట్టాలనుంటే మా అమ్మనే కొడుతున్నామనుకుని కొట్టండి.”

వెదుళ్లు ఒక్కసారిగా ఆగలేదు. వెనకనున్నవాళ్లకు మాట అందక ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. తరవాత ఎవరో వెదురు కింద పడేశారు. ఆ చప్పుడు విని ఇంకొకరు. కొట్టు ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చెంగు నోట్లో కుక్కుకుంది. చేతులు దులుపుకుని మెల్లిగా గుమ్మం దాటినవాళ్లే ఎక్కువ. పోలీసు జీపు వచ్చేసరికి క్లబ్బులో ముసలాయన, ఆమె, గోడమీది కప్పులు మిగిలాయి.

ఆస్పత్రిలో తలకు పదకొండు కుట్లు వేశారు. చేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీశారు. పక్క వార్డులో ఉన్న రాంబిలాస్‌ను చూపించమంటే చూపించలేదు. “బతుకుతాడు. కన్ను సంగతి చెప్పలేం,” అన్నాడు డాక్టరు. తన జాగ్రత్తలకు కన్ను ఇచ్చింది అతను, అనుకుంది ఇంద్రజ.

నాలుగింటికి పోలీసు స్టేషనులో బెంచీ మీద కూర్చోబెట్టారు. విమానం ఎప్పుడో ఎగిరిపోయింది. పక్కన సాహిత్య అంటుకుని ఉంది. పిల్లాడు ఎస్సై బల్ల మీద కూర్చుని బిస్కెట్ చేతిలో పట్టుకుని తినకుండా చూస్తున్నాడు. తల్లి దగ్గరికి రమ్మంటే రాలేదు. ఆ వాచిన మొహం ఎవరిదో వాడికి తెలియడం లేదు.

పోలీసులు ఫోన్ చేస్తే అరుంధతి వచ్చింది. మెస్సులోంచి లేచినది లేచినట్టే, పసుపు చేతులు, నూనె చిందిన చీర, కాళ్లకు చెప్పుల్లేవు. “మా” అని వాడు బల్ల మీద నుంచి దూకేశాడు. వాణ్ణి ఒక చేత్తో ఎత్తుకుని, ఇంద్రజ ముందుకొచ్చి నిలబడింది. ఆ కట్లన్నీ పైనుంచి కింది దాకా చూసింది.

“లచ్చివారమా,” అంది. లాగి ఒక్కటి చెంప మీద కొట్టింది.

కానిస్టేబులు లేవబోయాడు. అరుంధతి అప్పటికే కింద కూలబడి ఇంద్రజ మోకాళ్ల మీద తల పెట్టేసింది. “సంపేసినాను గదే. నా నోటితో నానే సంపేసినాను. కాదంటే ఆడు పోతాడు, అవునంటే నువ్వు పోతావు. ఏటి సెప్పాల్నే నాను. ఏటి సెప్పమన్నావు.”

“నువ్వు సక్కగనే చెప్పినవక్కా,” అంది ఇంద్రజ. పెదవి చిట్లి మాట సగమే వచ్చింది. “నేనే చెప్పలే నీకు.”

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. ఆయన ముందు కాగితం ఉంది, కలం ఉంది. పాస్‌పోర్టులో తల్లి ఇంద్రజ. పిల్లాడు అమ్మా అంటున్నది వేరే మనిషిని. ఫోన్లో నా కొడుకే అన్నది కూడా ఆవిడే. “పిల్లాణ్ణి అప్పగించినట్టు రాయాలి. ఇద్దరిలో ఎవరికని రాయను?”

అరుంధతి తలెత్తలేదు. ఆవిడ కాదనలేదు. కాదనకూడదు.

“ఆమెకే రాయండి,” అంది ఇంద్రజ. “నేనింకా కొనలేదు.”

ఎస్సై కలం దించాడు. ఆమె గోడ పట్టుకుని లేచింది. స్టేషను వెనక ఎక్కడో పశువులున్నట్టు ఇందాకటి నుంచి పేడ వాసన వస్తోంది. సాహిత్య చెయ్యి ఆసరాగా పట్టుకుని, కుంటుకుంటూ బురదలో దిగింది. రేకుల కింద పది గేదెలు. పాలవాడు మూట విప్పి తొట్టెలో తవుడు పోస్తున్నాడు. కట్టు కట్టిన తల, రక్తం ఎండిన బట్టలు చూసి భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

“భయ్యా, థోడా చోకర్ దేదో,” అంది తవుడు వైపు చూపిస్తూ. పారిపోయిన హిందీ అప్పటికి తిరిగొచ్చింది.

“దేనికి తల్లీ?”

“నా కొడుకుని కొనుక్కోవాలి.”

అతను చేట అందుకున్నాడు. ఆమె బాగున్న చేత్తో చున్నీ పట్టింది. అతను చేటతో పోస్తుంటే ఆ పొడి, ఆ వాసన మొహానికి కొట్టి దగ్గొచ్చింది, డొక్కలు పీక్కుపోయాయి. గేదెల అవతల సున్నం వెల్లవేసిన ఖాళీ గోడ ఉంది. దాని మీద ఏ బొమ్మా లేదు. ఇంద్రజ దాని ముందు కాసేపు నిలబడింది. రెండు చేతులూ కలవవు కాబట్టి ఒక్క చెయ్యే నుదుటికి ఆనించింది. తవుడు కొంచెం ఒలికింది.

కొలవడానికి మానె లేదు. కానిస్టేబులు తన అన్నం డబ్బా కడిగి ఇచ్చాడు. స్టేషను గడపకు అటు అరుంధతి, ఇటు ఇంద్రజ. పోలీసులంతా పని మానేసి చూస్తున్నారు.

అరుంధతి వేళ్లతో నలిపి చూసింది. “ఇది గోదుమ తవుడే.”

“వడ్లది దొరకలేదక్కా.”

“సరేలే. ఇక్కడోళ్ల దేవుడికి ఇదే తెలుసు గావాల.”

డబ్బాతో కొలిచి ఆవిడ కొంగులో పోసింది ఇంద్రజ. అరుంధతి కొంగు నడుముకు దోపి, పిల్లాడి నుదురు ముద్దు పెట్టుకుని, చేట లేదు కాబట్టి రెండు చేతుల మీదే పడుకోబెట్టి గడప మీంచి అందించింది. నాలుగున్నరేళ్ల పిల్లాడు, బరువు. ఒక్క చేత్తో పట్టలేక ఇంద్రజ వాణ్ణి రొమ్ముకు నొక్కుకుని గుమ్మానికి ఒరిగిపోయింది. వాడు ఆ వాచిన మొహాన్ని దగ్గరగా చూశాడు. చిట్లిన పెదవిని వేలితో తాకాడు.

“పిన్నీ,” అన్నాడు.

“ఆఁ,” అంది ఇంద్రజ. “చెప్పు తవుడూ.”

అరుంధతి కొంగు ముడి వేయబోయి ఆగింది. పిడికెడు తవుడు తీసి ఇంద్రజ చున్నీ కొసలో పోసింది.

“ఇదెందుకక్కా?”

“మొత్తం తీసుకుంటే ఆడు నాకు పూర్తిగా పోతాడే. ఈ పిడికెడు తక్కువైనట్టు ఉండనీ. మళ్లీ వచ్చినప్పుడు తెచ్చియ్యి. అందాకా ఆడు పిడికెడు నావోడు.”

ఇంద్రజ పిల్లాణ్ణి దించలేదు. చున్నీ కొస నోటితో అందుకుని, పళ్లతో బిగించి, ఎడమచేతి వేళ్లతో ముడి వేసింది. ఊడిన పన్ను చోట గుడ్డ గుచ్చుకుని మళ్లీ రక్తం వచ్చింది. ముడి గట్టిగానే పడింది. “పా అక్కా,” అంది. “ముందు రాంబిలాస్ దగ్గరికి పోవాలె. టికెట్ సంగతి తరవాత.”